మస్కటీన్: మిసిసిపీ ఆల్చిప్పలతో గుండీలు చేసిన ఊరు

1905లో అమెరికాలో ఎవరి చొక్కా మీదైనా తెల్లటి మెరిసే గుండీ కనిపిస్తే, అది మస్కటీన్‌లో తయారైనదై ఉండే అవకాశం చాలా ఎక్కువ. ఆ ఒక్క ఏడాదే ఆ ఊళ్ళో దాదాపు 150 కోట్ల గుండీలు తయారయ్యాయి. అప్పట్లో ప్రపంచం మొత్తం మీద తయారైన గుండీల్లో అది మూడో వంతుకు పైమాటే. ఇంత చేసిన ఊరు ఎంతుంటుందో అనుకుంటాం గానీ, అయోవా రాష్ట్రం తూర్పు అంచున మిసిసిపీ పడమటి గట్టు మీద ఉన్న మస్కటీన్ జనాభా 2020 లెక్కల్లో కూడా 24 వేలలోపే.

ఈ ఊరి పేరెత్తితే చాలామంది మార్క్ ట్వేన్ ఇక్కడ కొన్నాళ్ళున్నాడని చెబుతారు. అన్న ఓరియన్‌కు ఇక్కడి పత్రికలో వాటా ఉండటంతో 1850ల్లో కొంతకాలం ఉన్నమాట నిజమే. ఇంకొందరు షీ జిన్‌పింగ్ సంగతి చెబుతారు. 1985లో చిన్న జిల్లా అధికారిగా వచ్చి ఒక ఇంట్లో అతిథిగా దిగాడు, 2012లో చైనా ఉపాధ్యక్షుడి హోదాలో మళ్ళీ వచ్చి పాత పరిచయస్థులను కలిశాడు. అదీ నిజమే. అయితే వచ్చిపోయినవాళ్ళ కబుర్లతో ఊరు అర్థం కాదు. ఇక్కడే ఉండి, తడి బట్టలతో, తెగిన వేళ్ళతో పని చేసినవాళ్ళ పని తెలిస్తేనే అర్థమవుతుంది. అందుకే ఇందులో ఎక్కువ భాగం గుండీ ఎలా చేసేవారన్న దానికే ఇస్తున్నాను.

ముందు నది సంగతి. డావెన్‌పోర్ట్ నుంచి ఇక్కడిదాకా మిసిసిపీ దాదాపు పడమటికి పారుతుంది. సరిగ్గా మస్కటీన్ దగ్గర దక్షిణానికి మళ్ళుతుంది. ఊరు ఆ మలుపు పక్కన గుట్టల మీద, వాటి కింది పల్లంలో ఉంది. దిగువన, నది పాతకాలంలో పారి వదిలేసిన ఇసుక నేల విశాలంగా పరుచుకుంది. దాన్ని మస్కటీన్ ఐలాండ్ అంటారు. పుచ్చకాయకు, ఖర్బూజాకు ఇలాంటి ఇసుక నేల బాగా నప్పుతుంది. నీరు నిలవదు, వసంతంలో నేల త్వరగా వేడెక్కుతుంది. మస్కటీన్ ఖర్బూజాకు ఆ చుట్టుపక్కల ఇప్పటికీ పేరుంది. హైంజ్ కంపెనీ 1893లోనే ఇక్కడ ఫ్యాక్టరీ పెట్టడానికి కూడా చుట్టూ ఉన్న కూరగాయల సాగే కారణం.

1833లో ఇక్కడ ఒక వర్తక స్థావరం పెట్టారు. ఆ రోజుల్లో స్టీమర్లు కట్టెలతో నడిచేవి, దారిలో మళ్ళీ మళ్ళీ ఆగి కట్టెలు ఎక్కించుకోవాల్సి వచ్చేది. కేసీ అనే ఆయన గట్టు మీద కట్టెల మోపులు పేర్చి అమ్మేవాడు కాబట్టి కొన్నాళ్ళు ఈ చోటును కేసీ కట్టెల మోపు అనే పిలిచారు. తరవాత బ్లూమింగ్టన్ అయింది. అదే పేరుతో చుట్టుపక్కల రాష్ట్రాల్లో ఊళ్ళు చాలా ఉండి ఉత్తరాలు ఎక్కడెక్కడికో పోతుంటే మస్కటీన్ అని మార్చుకున్నారు. కట్టెల తరవాత కలప. విస్కాన్సిన్, మినెసోటా అడవుల్లో నరికిన పైన్ దుంగలను తెప్పలుగా కట్టి నది మీద దింపితే, ఇక్కడి రంపపు మిల్లులు వాటిని కోసి పలకలు, తలుపులు, కిటికీలు చేసేవి. మస్సర్, హెర్షీ కుటుంబాలు అలా సంపన్నులయ్యాయి. ఉత్తరాన అడవి తరిగేకొద్దీ మిల్లులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. గుండీల పని పుంజుకున్నది సరిగ్గా ఆ రోజుల్లోనే. రంపం, బెల్టు, షాఫ్టు అలవాటైన చేతులు ఊళ్ళో అప్పటికే ఉన్నాయి.

జాన్ బెపుల్ జర్మనీలో హాంబర్గ్ పక్కన గుండీలు చేసుకునే పనివాడు. సముద్రపు చిప్ప, కొమ్ము లాంటి వాటితో చేసేవాడు. అమెరికా నదుల్లో దళసరి ఆల్చిప్పలు దొరుకుతాయని తెలిసి 1887లో ఇక్కడికి వచ్చి, నదులు వెతుక్కుంటూ చివరికి మస్కటీన్ చేరాడు. 1890లో వచ్చిన మెకిన్లీ సుంకాల చట్టం అతనికి కలిసొచ్చింది. దిగుమతి గుండీల మీద భారీగా సుంకం పడటంతో, అంతదాకా గిట్టుబాటు కాని స్థానిక గుండీ ఒక్కసారిగా లాభసాటి అయింది. 1891లో కాలితో తొక్కే లేత్‌తో పని మొదలుపెట్టాడు. పదేళ్ళు తిరగకముందే ఊరి నిండా గుండీల షాపులు. బెపుల్ మాత్రం చేతిపనినే నమ్ముకున్నాడు, పెద్ద యంత్రాలు అతనికి ఇష్టం లేదు. అతను మొదలుపెట్టిన కంపెనీ అతని చేతిలో నిలవలేదు.

ఇక పని సంగతి. ఆల్చిప్ప నది అడుగున గులకరాళ్ళ మధ్య సగం పూడుకుని, నోరు కొద్దిగా తెరుచుకుని ఉంటుంది. ఏదైనా తగిలితే చటుక్కున మూసేస్తుంది. పట్టే పద్ధతంతా ఈ ఒక్క అలవాటు మీదే ఆధారపడింది. పొడవాటి ఇనప గొట్టానికి తాళ్ళు, ప్రతి తాడుకూ కాకి కాలి ఆకారంలో నాలుగు కొనల తీగ కొక్కేలు కడతారు. ఒక్కో గొట్టానికి వందకు పైగా కొక్కేలుంటాయి. దాన్ని అడుగుకు వదిలి, అడుగు చదునుగా ఉన్న పడవతో ప్రవాహం వెంట ఈడ్చుకుంటూ పోతారు. కొక్కెం కొన నోట్లో పడగానే చిప్ప దాన్ని కరుచుకుంటుంది, ఇక వదలదు. ఈడ్చే బలం చాలకపోతే పడవకు ముందు నీళ్ళలో ఒక చెక్క పలకను తెరచాపలా దించేవారు. ప్రవాహం ఆ పలకను తోస్తే పడవ కదిలేది. దాన్ని వాళ్ళు మ్యూల్, అంటే కంచర గాడిద, అనేవారు. పడవకు ఇలాంటి గొట్టాలు రెండుండేవి. ఒకటి అడుగున ఈడుస్తుంటే, రెండోదాన్ని పైన కొయ్యల మీద పెట్టి చిప్పలు ఊడదీసేవారు. చిక్కేమిటంటే కొక్కేనికి పెద్దదీ చిన్నదీ తెలియదు. గుండీకి పనికిరాని పిల్ల చిప్పలూ పైకొచ్చేవి, తిరిగి పారేసినా గాయపడ్డవి ఎన్నో బతికేవి కావు.

గట్టు మీద రేకు తొట్టెలో కొద్దిగా నీళ్ళు పోసి, చిప్పలు నింపి, గోనెలు కప్పి కింద మంట పెడితే ఆవిరికి నోళ్ళు తెరుచుకుంటాయి. మాంసం తీసి చేత్తో పిసికి చూస్తారు, ముత్యం ఉందేమోనని. నున్నటి గుండ్రటి ముత్యం ఎప్పుడో ఒకటి. వంకర టింకరవి తరచుగా దొరికేవి, వాటికీ కొంత ధర పలికేది. మాంసం పందులకో, చేపల ఎరకో పోయేది. చిప్పలను రకాలవారీగా కుప్పలు పోసి టన్ను లెక్కన అమ్మేవారు. నల్లటి పైతోలు, లోపల పాలలాంటి తెలుపు ఉన్న ఎబొనీ చిప్పకు గిరాకీ ఎక్కువ. దళసరిగా, ఒకే రంగుతో ఉంటుంది, కోసేటప్పుడు పెళుసుగా విరగదు. లోపల ఊదా, గులాబి ఛాయలున్న రకాలు చూడటానికి అందంగా ఉంటాయి గానీ తెల్ల గుండీకి పనికిరావు.

ఫ్యాక్టరీకి చేరిన చిప్పను పరిమాణాన్ని బట్టి వేరు చేసి, పీపాల్లో కొన్ని రోజులు నానబెట్టేవారు. ఇది తప్పించుకునే పని కాదు. ఎండిన చిప్ప రంపం కింద పగులుతుంది, పొడి లేస్తుంది. నానిన చిప్పను కట్టరు, అంటే చిప్ప కోసే పనివాడు, పటకారుతో పట్టుకుని, లేత్‌కు బిగించిన గొట్టపు రంపానికి అదుముతాడు. ఉక్కు రేకును గొట్టంలా చుట్టి, అంచుకు పళ్ళు కోస్తే అదే రంపం. చిప్ప మీదికి నీళ్ళు ఆగకుండా చిమ్ముతూనే ఉండాలి. లేదంటే రంపం వేడెక్కి పదును పోతుంది, దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నీళ్ళు చిమ్మినా దుమ్ము పూర్తిగా ఆగేది కాదు, కట్టర్లకు దగ్గు వెంటే ఉండేది. ఆ నీళ్ళు కూడా శుభ్రమైనవి కావు, చేతికి చిన్న గాయమైనా చీము పట్టేది.

గుండీ కొలత లైన్లలో ఉంటుంది. అంగుళానికి 40 లైన్లు. 16 లైన్ల గుండీ అంటే సుమారు 10 మిల్లీమీటర్లు, 18 లైన్లంటే పదకొండున్నర, 24 లైన్లంటే 15. రెడీమేడ్ బట్టల పనిలో ఉన్నవాళ్ళు ఈనాటికీ ఇదే లెక్క వాడతారు. చిప్ప ఒకవైపు దళసరి, అంచుకు వచ్చేకొద్దీ పలచన, పైగా వంపు. ఎక్కడ ఏ సైజు బిళ్ళ, అంటే గుండీ కోసం కోసే గుండ్రటి ముక్క, వస్తుందో చూసి, ఒకదాని పక్కన ఒకటి ఇరుకుగా కోసేవాడే మంచి కట్టరు. రెండు కోతల మధ్య ఎక్కువ ఖాళీ వదిలితే చిప్ప దండగ, మరీ దగ్గరగా కోస్తే అంచు విరిగి బిళ్ళ దండగ. ఎంత నేర్పుగా కోసినా చిప్పలో ఎక్కువ భాగం జల్లెడలా చిల్లులు పడి మిగిలిపోయేది. ఆ చిల్లుల చిప్పలనే ఊళ్ళో సందులకూ ఇళ్ళ ముందు దారులకూ పరిచారు, నూరి కోళ్ళకు మేతలో కలిపారు.

కోసిన బిళ్ళలు మందంలో ఒకదానికొకటి పొంతన ఉండవు, వెనక గరుకైన పైతోలు అంటుకునే ఉంటుంది. వాటిని మందం ప్రకారం వేరు చేసి, తిరిగే సాన మీద వెనకవైపు అరగదీసేవారు. ఈ పనిలో ఆడవాళ్ళు ఎక్కువ. బిళ్ళను వేలికొనతో సానకు ఆనించాలి కాబట్టి బిళ్ళతో పాటు వేలి చర్మమూ అరిగిపోయేది. తరవాత ముఖం మీద గుంట తొలచడం, ఆ గుంటలో రెండో నాలుగో బెజ్జాలు వేయడం. మొదట్లో ఇవి రెండూ విడివిడి పనులు. మస్కటీన్‌కే చెందిన బారీ కుటుంబం రెంటినీ వరసగా చేసే డబుల్ ఆటోమేటిక్ అనే యంత్రం తయారుచేశాక ఉత్పత్తి తీరే మారిపోయింది. బిళ్ళను గూట్లో పెట్టడం వరకే మనిషి పని, మిగతాదంతా యంత్రమే చేస్తుంది. ఈ ఊరు గుండీలతో పాటు గుండీ యంత్రాలనూ అమ్మింది. ఊరి ముందుచూపుకు నాకు కనిపించే పెద్ద గుర్తు ఇదే.

ఆ తరవాత మెరుగు. గుండీలను పీపాల్లో నీళ్ళతో, కొద్దిపాటి ఆమ్లంతో కలిపి దొర్లిస్తారు. చిప్ప అంటే కాల్షియం కార్బొనేట్. ఆమ్లం పైపొరను కొద్దిగా కరిగించి గీతలు పోగొట్టి మెరుపు తెస్తుంది. పాళ్ళు ఎక్కువైనా, సమయం మించినా అంచులు పలచబడి గుండీ చెడుతుంది. కడిగి, ఆరబెట్టి, బల్లల ముందు కూర్చున్న అమ్మాయిల దగ్గరికి పంపేవారు. వాళ్ళు మెరుపు, రంగు, మచ్చ చూసి క్షణాల్లో రకాలు విడగొట్టేవారు. చివరికి అట్టముక్కల మీద కుట్టే పని ఇళ్ళకు వెళ్ళేది. సాయంత్రాలు తల్లీ పిల్లలూ కలిసి కూర్చుని కుట్టేవారు. ఊళ్ళో పనిచేసేవాళ్ళలో దాదాపు సగం మంది ఏదో ఒక రకంగా ఈ గుండీ మీదే బతికిన రోజులవి.

కట్టరుకు కూలి గ్రోసు లెక్కన. గ్రోసు అంటే 12 డజన్లు, 144. కానీ చెడ్డవి పోతాయన్న వంకతో గ్రోసుకు 14 డజన్లు ఇవ్వాలనేవారు. అంటే 168 కోస్తే 144కే డబ్బు. లెక్క కట్టేదీ, ఏది చెడ్డదో తేల్చేదీ యజమాని మనిషే. దీనికి తోడు వేళ్ళు తెగే యంత్రాలు, తడి నేల. పనివాళ్ళు సంఘం పెట్టుకున్నారు. 1911 ఫిబ్రవరిలో యజమానులు ఫ్యాక్టరీలకు తాళాలు వేశారు. గొడవలు ముదిరితే గవర్నరు రాష్ట్ర సైన్యాన్ని దింపాడు. మధ్యలో ఒప్పందం కుదిరినా నిలవలేదు, పోరాటం 1912 దాకా సాగి చివరికి కార్మికులే నష్టపోయారు. ఆ సంఘం తరఫున ఊరూరా తిరిగి మాట్లాడి విరాళాలు పోగుచేసినవాళ్ళలో పెర్ల్ మెక్‌గిల్ అనే అమ్మాయి ఉంది. అప్పటికి ఆమెకు ఇరవై ఏళ్ళు కూడా లేవు. గుండీల చరిత్ర చెప్పేటప్పుడు బెపుల్ పేరుతో పాటు ఈమె పేరూ చెప్పి తీరాలి.

ఈలోగా నది ఖాళీ అవుతోంది. దిగువన ఇల్లినాయ్ వైపు న్యూ బోస్టన్ దగ్గర రెండు మైళ్ళ పొడవు, పావు మైలు వెడల్పున చిప్పలు గుంపుగా పెరిగే ఒక్క చోటు నుంచి 1890ల చివర్లో మూడేళ్ళలో సుమారు పది వేల టన్నులు తీశారు. ఆల్చిప్ప ఏటా కాసే పంట కాదు. గుండీకి తగిన మందం రావడానికి ఏళ్ళకు ఏళ్ళు పడుతుంది. ప్రభుత్వం 1908లో అనుమతించి, మస్కటీన్‌కు ఎగువన ఫెయిర్‌పోర్ట్‌లో జీవశాస్త్ర కేంద్రం పెట్టింది. అక్కడ చేసిన పని ఆసక్తికరమైనది. తల్లి చిప్ప వదిలే సూక్ష్మమైన పిల్లలు కొద్ది రోజుల్లోపే ఏదో ఒక చేప మొప్పకో రెక్కకో అతుక్కోవాలి, లేకపోతే చచ్చిపోతాయి. కొన్ని వారాలు చేప ఒంటి మీద పెరిగి, రాలిపడి, అడుగున స్థిరపడతాయి. అందుకని తొట్టెల్లో చేపలకు వాటిని అంటించి, ఆ చేపలను నదిలో వదిలేవారు. చేపకు మోతాదు మించి అంటిస్తే చేపే చస్తుంది. పైగా ఏ చేప పడితే ఆ చేప పనికిరాదు, ఒక్కో చిప్పకు ఒక్కో జాతి చేప కావాలి.

ఎబొనీ చిప్పకు కావలసింది స్కిప్‌జాక్ హెరింగ్ అనే వలస చేప. 1913లో సుమారు 90 మైళ్ళ దిగువన కియోకక్ ఆనకట్ట పూర్తయింది. ఆ చేప పైకి రావడం ఆగిపోయింది. ముసలి చిప్పలు నదిలో ఉన్నాయి, పిల్లలను వదులుతూనే ఉన్నాయి, మోసుకుపోయే చేప లేదు. గుండీలకు ప్రాణమైన జాతి ఎగువ మిసిసిపీలో అలా అంతరించే దశకు వచ్చింది. ఊళ్ళ మురుగు, పొలాల నుంచి కొట్టుకొచ్చిన ఒండ్రు మిగతా జాతులను దెబ్బతీశాయి. కంపెనీ పోయాక బెపుల్ ఫెయిర్‌పోర్ట్ కేంద్రానికే చిప్పలు వెతికిపెట్టే ఉద్యోగంలో చేరాడు. ఇండియానాలో నదిలో నడుస్తుండగా చిప్ప కోసుకుని కాలు విషమించి 1912లో చనిపోయాడు.

గుండీల దగ్గరే ఆగిపోతే ఈ ఊరికి అన్యాయం చేసినట్టే. అంతర్యుద్ధానికి ముందు అయోవాలో నల్లజాతివారు ఎక్కువగా ఉన్న ఊరు మస్కటీనే. దక్షిణాది బానిసత్వం నుంచి నది దారిన తప్పించుకుని వచ్చినవారు, తూర్పు నుంచి వలస వచ్చిన, బానిసలు కాని నల్లజాతివారు ఇక్కడ స్థిరపడ్డారు. వాళ్ళలో అలెగ్జాండర్ క్లార్క్ ఒకరు. పెన్సిల్వేనియాలో పుట్టి, పదహారేళ్ళకు ఇక్కడికి వచ్చి మంగలి షాపు పెట్టారు. స్టీమర్లకు కట్టెలు అమ్మి, స్థలాలు కొని సంపన్నులయ్యారు. 12 ఏళ్ళ కూతురు సూజన్‌ను దగ్గర్లోని బడిలో చేర్చుకోకుండా నల్లపిల్లల బడికి పొమ్మంటే స్కూలు బోర్డు మీద దావా వేశారు. 1868లో అయోవా సుప్రీంకోర్టు ఆయన పక్షాన తీర్పిచ్చింది, రంగును బట్టి పిల్లలను వేరే బడికి పంపే అధికారం బోర్డుకు లేదంది. బడుల్లో పిల్లలను జాతిని బట్టి వేరు చేయడం చెల్లదంటూ దేశం మొత్తానికి వర్తించే బ్రౌన్ తీర్పును అమెరికా సుప్రీంకోర్టు ఇవ్వడానికి ఇంకా 86 ఏళ్ళుంది. సూజన్ ఆ ఊరి హైస్కూల్లోనే చదువు ముగించింది. క్లార్క్ తన యాభైల్లో లా కాలేజీలో చేరి 1884లో పట్టా తీసుకున్నారు. 1890లో లైబీరియాకు అమెరికా రాయబారిగా వెళ్ళి, మరుసటి ఏడాది అక్కడే జ్వరంతో కన్నుమూశారు. సమాధి మస్కటీన్ గ్రీన్‌వుడ్ శ్మశానంలో ఉంది. ఈ ఊరి మనుషుల్లో ఒక్కరి గురించే చెప్పమంటే నేను ఈయన గురించే చెబుతాను.

రెండో ప్రపంచయుద్ధం తరవాత ప్లాస్టిక్ వచ్చింది. వాషింగ్ మిషన్ దెబ్బలకూ ఘాటు సబ్బులకూ చిప్ప గుండీ తట్టుకోలేదు, జిప్పు దాని చోటు కొంత లాక్కుంది. 1960లు ముగిసేసరికి చిప్ప కోత ఆగిపోయింది. వెబర్, మెకీ లాంటి కంపెనీలు పాలియెస్టర్ గుండీలకు మారి నిలదొక్కుకున్నాయి. ఊరు మాత్రం అప్పటికే వేరే పనులు వెతుక్కుంది. 1944లో మొదలైన హోమ్-ఓ-నైజ్ అనే చిన్న కంపెనీ తరవాత హాన్ పేరుతో ఆఫీసు ఫర్నిచర్‌లో పెద్ద సంస్థ అయింది. 1957లో రాయ్ కార్వర్ జర్మనీ నుంచి టైర్ల రీట్రెడింగ్ పద్ధతి హక్కులు తెచ్చి బ్యాండాగ్ పెట్టారు. ముందే ఉడికించిన ట్రెడ్ పట్టీని తక్కువ వేడితో పాత టైరుకు అతికించే పద్ధతి అది. మన లారీ యజమానులు కోల్డ్ రీట్రెడింగ్ అనేది ఇలాంటి పనినే.

నది ఇప్పుడు సరుకు దారి. ఊరికి కాస్త ఎగువన 16వ నంబరు లాక్ అండ్ డ్యామ్ ఉంది, 1937లో పూర్తయింది. డ్యామ్ అంటే ఆనకట్ట, లాక్ అంటే పడవలను ఒక నీటి మట్టం నుంచి ఇంకో మట్టానికి దాటించే తలుపుల గది. లాక్ పొడవు 600 అడుగులు, వెడల్పు 110. మొక్కజొన్న, సోయా మోసే పడవల జట్టులో వెడల్పుకు మూడు, పొడవుకు ఐదు చొప్పున 15 బార్జీలుంటాయి. ఒక్కో బార్జీ 195 అడుగులు. ఒకేసారి పట్టదు కాబట్టి జట్టును రెండుగా విడదీసి, ముందు భాగం దాటించి, వెనక భాగం తెచ్చి మళ్ళీ కట్టుకోవాలి. చూసేవాళ్ళకు గంటన్నర పైగా కాలక్షేపం. వరద మట్టం ఇక్కడ 16 అడుగులు, 1993లో నీరు 25 అడుగులు దాటింది.

అయోవా సిటీలో చదువుకునేవాళ్ళకు, డావెన్‌పోర్ట్ చుట్టూ ఉన్న క్వాడ్ సిటీస్‌లో ఉద్యోగాలు చేసే మనవాళ్ళకు ఇది గంటలోపు కారు ప్రయాణం. ముందు రెండో వీధిలోని గుండీల మ్యూజియం చూడండి, డబుల్ ఆటోమేటిక్ ఎదురుగా నిలబడితే పైన రాసినదంతా తేలిగ్గా అర్థమవుతుంది. తరవాత రివర్‌సైడ్ పార్కుకు నడిచి వెళ్ళొచ్చు, అక్కడ చిప్పలు పట్టేవాడి కంచు విగ్రహం ఉంది. మూడో వీధిలో క్లార్క్ ఇల్లు ఉంది. 1975లో పడగొట్టబోతే కాపాడి కొద్ది దూరం జరిపి నిలబెట్టారు. గట్టు మీద చిల్లుల చిప్ప కనిపిస్తే అది పాత ఫ్యాక్టరీ చెత్తే. బతికున్న చిప్ప జోలికి మాత్రం పోవద్దు, హిగ్గిన్స్ ఐ లాంటి జాతులకు 1976 నుంచి కేంద్ర చట్టం రక్షణ ఉంది. ఇదే నదీవ్యవస్థ చిప్పలు గుండీల కాలం ముగిశాక జపాన్‌కు పోయాయి. కల్చర్డ్ ముత్యం లోపల నాటే పూసను వాటితోనే చేసేవారు. హైదరాబాద్‌లో కొన్న జపాన్ ముత్యాల దండలోనూ ఆ పూసలు ఉండొచ్చు.

పాత బట్టల మీది గుండీ చిప్పదో ప్లాస్టిక్‌దో తేల్చుకోవాలంటే చెంపకు ఆనించండి. చిప్ప చల్లగా తగులుతుంది, ప్లాస్టిక్ అంత చల్లగా ఉండదు. పళ్ళ మీద మెల్లగా తట్టితే రాయిలా మోగుతుంది. వెనక్కి తిప్పితే సహజమైన ఛాయలు, గీతలు కనిపిస్తాయి, అచ్చులో పోసిన గుర్తు ఉండదు. చిప్పదైతే ఆ చొక్కాను వెనిగర్‌లో, నిమ్మరసంలో నానబెట్టకండి, ఆమ్లం మెరుపును తినేస్తుంది. బ్లీచ్ వద్దు, గుండీ మీద ఇస్త్రీపెట్టె ఆనించవద్దు. చేత్తో ఉతికి నీడన ఆరేస్తే చాలు.